మేం తీసిన నల్లి బొక్క సినిమా

మరిపెడలో మెయిన్ రోడ్డు మీద నాకు ఒక ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోల నుంచి పెళ్ళి వీడియోల దాకా అన్నీ చేస్తాను. ఇన్నేళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళు తీశానో నాకే గుర్తులేదు కానీ, సినిమా అన్నది మాత్రం ఒక్కటే చేశాం. అది కూడా పద్దెనిమిది నిమిషాలే. అందులో నటించింది మా ఇంటివాళ్ళు, దంతాలపల్లిలో ఇంకో ఇంటివాళ్ళు, ఆ వీధి పిల్లలు. అది ఎందుకు తీయాల్సి వచ్చిందో చెప్పాలంటే నర్మెట్టలో జరిగిన ఒక పెళ్ళి దగ్గర మొదలుపెట్టాలి.

పెళ్ళికూతురిది దంతాలపల్లి, పెళ్ళికొడుకుది నర్మెట్ట. పెళ్ళి మరునాడు పెళ్ళికొడుకు ఇంటి ముందు షామియానా వేసి దావత్ పెట్టారు. అప్పట్లో నాకొక అలవాటు ఉండేది. భోజనాల వరస మొదలవగానే కెమెరా పట్టుకొని బంతి మధ్యలో తిరిగేవాణ్ణి. తినేవాళ్ళను వాళ్ళకు తెలియకుండా తీస్తే, తర్వాత ఇంట్లో టీవీలో చూసుకునేటప్పుడు అందరూ పడీపడీ నవ్వుకుంటారు. ఆ నవ్వు కోసమే చాలామంది నన్ను పిలిచేవారు. ఆ రోజు పెళ్ళికూతురి తరఫు బంతిలో ఒక అమ్మాయి కనిపించింది. మటన్‌లోని నల్లి బొక్కను రెండు చేతులతో పట్టుకొని, కళ్ళు మూసుకొని, లోపలి మూలుగ పీలుస్తోంది. అంత ఇష్టంగా తినేవాళ్ళను నేను చూడలేదు. దగ్గరికి లాగి చాలాసేపే తీశాను. ఆ అమ్మాయి మా అమ్మాయి చదివే హైస్కూలులోనే, అదే తరగతిలో ఉందని నాకు తెలియదు.

ఆ ఎండాకాలం సెలవుల్లో మా అమ్మాయి రోజూ స్టూడియోకు వచ్చి నా పక్కన కూర్చునేది. ఎనిమిదో తరగతి అయిపోయి తొమ్మిదిలోకి వెళ్ళాల్సిన పిల్ల. వీడియో కత్తిరించడం, పాట కలపడం, అక్షరాలు వేయడం నెల రోజుల్లో నేర్చుకుంది. ఒక కదలికను ముందుకూ వెనక్కూ పదిసార్లు తిప్పి నవ్వించే కిటుకు కూడా నేనే నేర్పాను. బరాత్‌లో డ్యాన్స్ చేసే పెళ్ళికొడుకు దోస్తుల మీద ఆ కిటుకు వాడి, ఇద్దరం కడుపు పట్టుకొని నవ్వేవాళ్ళం. మా బిడ్డ చేతిలో పని ఉందని వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పుకున్నాను.

బడులు తెరిచాక ఒక పొద్దున, షట్టర్ ఎత్తి ఇంకా అగరువత్తి కూడా వెలిగించలేదు, ఒక ముసలమ్మ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిన ఫోన్. దంతాలపల్లి నుంచి మొదటి బస్సుకు వచ్చానంది. నర్మెట్ట పెళ్ళిలో పెళ్ళికూతురి తల్లిని అని చెప్పింది. పెళ్ళి వీడియో ఇంకా ఇవ్వలేదని అడగడానికి వచ్చిందేమో అనుకొని స్టూలు జరిపాను. ఆమె కూర్చోకుండా ఫోన్ నా ముందు పెట్టి, బొమ్మ చూడమంది.

అర నిమిషం వీడియో. నల్లి బొక్క నోటి దగ్గరికి వస్తుంది, వెనక్కు పోతుంది, మళ్ళీ వస్తుంది, వెనుక డప్పు దరువు. కింద ఎర్ర అక్షరాల్లో 'బొక్కల రాణి'. పైన మూలకు నా స్టూడియో గుర్తు, నా ఫోన్ నంబరు. ఆ నంబరు చూపించుకునే ఆమె నా దగ్గరికి వచ్చింది.

ఆ అమ్మాయి ఆమె మనవరాలు. తండ్రి, అంటే ఈ ముసలమ్మ కొడుకు, భూపాలపల్లిలో బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు పని చేస్తాడు. తల్లి, తమ్ముడు అతని దగ్గర ఉంటారు. బడి మార్చడం ఎందుకని ఈ పిల్ల మాత్రం బాపమ్మ దగ్గరే ఉండి, రోజూ బస్సులో మరిపెడకు వచ్చి చదువుతోంది. ఈ వీడియో తరగతి వాట్సాప్ గ్రూపులోకి వచ్చిందట. అక్కడి నుంచి పై తరగతులకు పాకింది. కొందరు స్టిక్కర్ చేసుకొని గుడ్‌మార్నింగ్‌కు బదులు అదే పెడుతున్నారట. ఎన్నడూ మాంసం ముఖం చూడనిదానిలా తిన్నావని ఎవరో అన్నారట. వారం రోజులుగా పిల్ల కడుపునొప్పి అని ఇంట్లోనే ఉంది. దవాఖానకు తీసుకుపోతే డాక్టర్ ఏమీ లేదన్నాడు.

చెప్పడం అయ్యాక ఆమె నా కంప్యూటర్ వైపు చూసి మెల్లగా అడిగింది.

"నువ్వు తీసిందే గద కొడుకా. నువ్వే తీసెయ్యి. అందరి ఫోన్లల్లకెల్లి తీసెయ్యి."

తీసినవాడే తీసేయగలడని ఆమె నమ్మకం. అది నా చేతిలో లేదని, ఒకసారి పోయింది ఎంతమంది దగ్గర ఉందో దేవుడికే తెలుసని ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. "నువ్వు తీసినప్పుడు మా పిల్లను అడుగకపోతివి" అని మాత్రం అంది. గట్టిగా కూడా అనలేదు. చాయ్ తెప్పిస్తే తాగకుండా బస్టాండ్‌కు వెళ్ళిపోయింది.

ఆ వీడియో ఎవరు చేశారో నాకు చూడగానే తెలిసింది. ఆ కిటుకు మరిపెడలో ఇద్దరికే వచ్చు.

సాయంత్రం మా అమ్మాయి బడి నుంచి వచ్చి సంచి దించకముందే అడిగాను. అబద్ధం చెప్పలేదు. "జోక్ కోసం చేసిన నాయినా. అందరు నవ్విండ్రు. అది గూడ నవ్వుకుంటదనుకున్న" అంది. ఇద్దరికీ పోట్లాట ఏమైనా ఉందా అంటే లేదంది. ఒకే బెంచీ కాకపోయినా మాట్లాడుకునేవారట. పెట్టిన గంటలోనే గ్రూపు నిండా నవ్వే బొమ్మలు వచ్చాయట. అవి లెక్కపెట్టుకుంటూ కూర్చుందట. ఆ పిల్ల బడికి రావడం లేదని తెలుసు కానీ, దాని వల్లే అని అనుకోలేదని చెప్పి, ఆ మాట చెబుతూనే ఏడ్చింది.

మా ఆవిడ అంగన్‌వాడీ టీచర్. ఊళ్ళో పిల్లలందరికీ మంచిచెడ్డలు చెప్పే మనిషి. ఆమె మా అమ్మాయి ఫోన్ లాక్కొని బీరువాలో పెట్టి తాళం వేసింది. తర్వాత నా వైపు తిరిగి, దానికి నేర్పింది ఎవరు అని అడిగింది.

ఆదివారం ముగ్గురం దంతాలపల్లి వెళ్ళాం. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు వాకిట్లో ఎండబెట్టిన మిరపకాయలు. బాపమ్మ చాప వేసింది. ఆ అమ్మాయి చాలాసేపు లోపలి నుంచి రాలేదు. వచ్చాక గడప మీదే నిలబడింది. సన్నగా, పొడుగ్గా, రెండు జడలు గట్టిగా బిగించి ఉంది. నర్మెట్టలో నేను తీసిన ముఖం ఇదేనా అనిపించింది. మా అమ్మాయి లేచి, దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ మరచిపోయి, సారీ అన్న ఒక్క మాటే చెప్పింది.

"సారీ నాకొక్కదానికి చెప్తే ఎట్ల? వీడియో అందరికి పంపినవ్ గద" అంది ఆ అమ్మాయి.

అయితే సారీ చెబుతూ ఒక వీడియో తీసి గ్రూపులో పెడతానంది మా అమ్మాయి. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. నువ్వు ఏడ్చుకుంటూ వీడియో పెడితే అందరూ నిన్నే అయ్యో పాపం అంటారు, నా బొమ్మ నా బొమ్మలాగే ఉంటుంది అంది. పద్నాలుగేళ్ళ పిల్లకు ఇంత ఆలోచన ఎక్కడిదా అనుకున్నాను. ఇంట్లో ఒక్కతే వారం రోజులు కూర్చుంటే వస్తుందేమో.

నాకు తెలిసిన పని ఒక్కటే. అందుకే నోటికి వచ్చింది అనేశాను. జరిగిందంతా కథగా చేసి చిన్న సినిమా తీద్దాం, బడిలో అందరి ముందు వేద్దాం, నేను తీస్తాను అన్నాను.

"మీరు వద్దు అంకుల్. మొదటిది మీరే తీసిండ్రు. ఈసారి కెమెరా నేను పడత."

బాపమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నేను సరే అన్నాను. అక్కడికక్కడే ఆ పిల్ల షరతులు పెట్టింది. తాను నటించదు. బొక్క తినే పిల్ల వేషం మా అమ్మాయే వేయాలి. ఏడుపు పాట ఉండకూడదు. సినిమా అయ్యేదాకా ఒక్క ముక్క కూడా ఎవరికీ పంపకూడదు. తాను చూసి సరే అన్నాకే బయటికి పోవాలి. మా అమ్మాయి అన్నింటికీ తల ఊపింది. మరునాడు ఆ పిల్ల బడికి వచ్చిందని, చివరి బెంచీలో కూర్చుందని మా అమ్మాయి వచ్చి చెప్పింది. బడి పెద్ద మేడంకు మా ఆవిడ వెళ్ళి సంగతంతా చెబితే, ఆమె తరగతి గ్రూపును మూయించి, తల్లిదండ్రుల మీటింగు రోజున సినిమా వేసుకోవడానికి ఒప్పుకుంది.

తర్వాతి నాలుగు ఆదివారాలూ దంతాలపల్లిలో షూటింగే. కెమెరా ఎలా పట్టాలో, వెలుగు ఎటు నుంచి రావాలో ఆ పిల్లకు ఒక్క పూట చెప్పాను. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. కథ లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకొని వచ్చింది. మా ఆవిడది టీచర్ వేషం, నాది తండ్రి వేషం. బాపమ్మ వేషానికి మా అమ్మను అనుకున్నాం. మా అమ్మ సినిమా అనగానే పట్టుచీర కట్టి, పౌడర్ రాసుకొని, మెడలో ఉన్న గొలుసుకు తోడు పక్కింటావిడ గొలుసు కూడా వేసుకొని వచ్చింది. పాత చీర కట్టుకోమంటే ససేమిరా అంది. అరుగు మీద కూర్చొని చూస్తున్న అసలు బాపమ్మకు ఇది నచ్చలేదు. "ఇంట్ల గిట్ల పట్టుచీర గట్టుకొని బాసాండ్లు ఎవలు తోముతరవ్వా" అంది. ఇద్దరు ముసలమ్మలకూ మాటా మాటా పెరిగింది. చివరికి మా అమ్మ పక్కింటి పెద్దమ్మ వేషానికి మారింది, పట్టుచీరతోనే. బాపమ్మ వేషం బాపమ్మే వేసింది.

బొక్క తినే సీను తీసిన రోజు మాకు పండగే అయింది. మా ఆవిడ కిలో మటన్ వండింది. మా అమ్మాయికి నల్లి బొక్క తినడం రాదు. ఎంత పీల్చినా మూలుగ రాలేదు. కెమెరా వెనుక నుంచి ఆ పిల్ల, బొక్కను పళ్ళెం అంచుకు కొట్టాలని, తర్వాత గట్టిగా ఊదాలని చెబుతోంది. మా అమ్మాయి కొట్టిన దెబ్బకు మూలుగ ఎగిరి మా అమ్మ పట్టుచీర మీద పడింది. మా అమ్మ అలిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఐదుసార్లు తీశాక, ఆరోసారికి ఒక్క బొక్కే మిగిలింది. ఆ పిల్ల కెమెరా నా చేతికిచ్చి వచ్చి, ఆ బొక్కను తీసుకొని, ఇలా అని పీల్చి చూపించింది. నా చేతిలో కెమెరా ఆన్‌లోనే ఉంది. నేను లెన్సును నేల వైపు దించాను. ఆమె అది చూసింది. ఆ రోజు నుంచి నన్ను అంకుల్ అనడం మాని కాకా అని పిలవడం మొదలుపెట్టింది.

అన్నిటికంటే కష్టమైన సీను బడి సీను. దంతాలపల్లి వీధి పిల్లలు పదిహేను మందిని పోగుచేసి, మా అమ్మాయిని మధ్యలో నిలబెట్టి, ఫోన్లు చూస్తూ నవ్వమన్నాం. మొదట వాళ్ళకు నవ్వు రాలేదు. తర్వాత ఎవడో 'బొక్కల రాణి' అని కూత పెట్టాడు. అంతే, నిజంగానే నవ్వడం మొదలుపెట్టారు. చాలు అన్నా ఆగలేదు. మా అమ్మాయి నవ్వుతూనే నిలబడింది. కాసేపటికి ఆ నవ్వు పోయింది. అటు ఇటు చూసింది. తప్పించుకొని పోవడానికి దారి లేదు, చుట్టూ పిల్లలే. నేను లేవబోతుంటే ఆ పిల్లే కెమెరా ఆపేసింది. గుంపులోకి వెళ్ళి, ఇక చాలు అందరూ ఇంటికి పొండి అని చెప్పి, మా అమ్మాయిని చెయ్యి పట్టుకొని బావి గట్టు దగ్గరికి తీసుకెళ్ళింది.

నేను నీళ్ళు తీసుకొని వెనకాలే వెళ్ళాను. ఇద్దరూ కెమెరా తెరలో ఆ ముక్కే చూస్తున్నారు.

"గిది ఉంచుదమా, తీసేద్దమా? నీ ఇష్టం" అని అడిగింది ఆ పిల్ల.

మా అమ్మాయి ఇంకోసారి చూసింది. "ఉంచు. గిట్లుంటదని నాకు తెల్వదు" అంది.

ఆ ఒక్క మాట కోసమే నేను ఆ నాలుగు ఆదివారాలూ పెళ్ళి ఆర్డర్లు మా తమ్ముడికి అప్పగించానేమో. తర్వాత వాళ్ళిద్దరూ అక్కడే కూర్చొని మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. వినకూడదనే ఇవతలికి వచ్చేశాను.

బాపమ్మకు మేం రాసిచ్చిన డైలాగులు రెండే. బడికి పోవాలి బిడ్డా, ధైర్యంగా ఉండాలి బిడ్డా. కెమెరా ముందుకు రాగానే ఆ రెండూ మరచిపోయింది. ముసుగు తన్ని పడుకున్న మా అమ్మాయి పక్కన కూర్చొని, దుప్పటి మీద చెయ్యి వేసింది. తర్వాత తనకు తోచింది అంది.

"నవ్వెటోళ్ళు నవ్వనియ్ బిడ్డా. నువ్వు తిన్నది మీ మేనత్త పెండ్లిల. ఎవలింట్లన్న దొంగతనం జేసి తిన్నవా? ఆకలైంది, మంచిగుంది, తిన్నవ్. దానికి సిగ్గెందుకు?"

అసలు మనవరాలు కెమెరా వెనుక ఉంది. ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటోంది, రెండో చెయ్యి మాత్రం కదలలేదు. ఆ సీను ఒక్కసారికే అయిపోయింది. మళ్ళీ తీద్దామా అని నేను అడగలేదు.

కత్తిరించడానికి స్టూడియోలో ముగ్గురం కూర్చున్నాం. పాత అలవాటు కొద్దీ నేను మొదట్లో గులాబీ రేకులు రాలేలా వేశాను, సీనుకూ సీనుకూ మధ్య హృదయం గుర్తు పెట్టాను. "కాకా, గిది పెండ్లి కాదు" అని ఆ పిల్ల అన్నీ తీయించింది. పేర్లు వేసేటప్పుడు తన పేరు ఒక్కచోటే చాలంది. కెమెరా, కథ, దర్శకత్వం మూడూ ఒకే వరుసలో. మా అమ్మాయి తన పేరు నటిగానే కాకుండా, మొదటి వీడియో చేసింది కూడా నేనే అని వేయమని అడిగింది. నేను కొంచెం వెనకాడాను. ఊళ్ళో అందరూ చూస్తారు కదా అన్నాను. అందుకే వేయమంటున్నాను అంది. దాని పక్కనే, ఆ పెళ్ళి తీసింది నేనని నా పేరు కూడా వేసుకున్నాను.

తల్లిదండ్రుల మీటింగు రోజు బడి భోజనాల షెడ్డుకు దుప్పట్లు కట్టి చీకటి చేసి, తెల్ల గోడ మీద సినిమా వేశాం. మా అమ్మ పట్టుచీర కనిపించగానే జనం నవ్వారు. మూలుగ ఎగిరినప్పుడు ఇంకా నవ్వారు. ఆ ముక్క తీసేయొద్దని ఇద్దరు పిల్లలూ పట్టుబట్టారు మరి. బడి సీను వచ్చేసరికి షెడ్డు అంతా సద్దుమణిగింది. బాపమ్మ మాటకు వెనుక వరుసలో ఎవరో ఆడమనిషి చప్పట్లు కొట్టింది, తర్వాత అందరూ కొట్టారు. బాపమ్మ మొదటి వరుసలో కూర్చొని, తెర మీద తన్ను తాను చూసుకుంటూ, తన వెంట్రుకలు ఇంత తెల్లబడ్డాయా అని పక్కనున్న మా అమ్మను అడుగుతోంది.

దాంతో అంతా మారిపోయిందని చెబితే అబద్ధం. రెండు నెలల తర్వాత ఆ స్టిక్కర్ మళ్ళీ ఎవరో ఒక గ్రూపులో పెట్టారు. ఈసారి దాని కింద నలుగురైదుగురు పిల్లలు తీసెయ్ అని రాశారట. పెట్టినవాడు తీసేశాడు. ఆ పిల్ల నాకు ఈ సంగతి ఊళ్ళో వాన పడిందని చెప్పినట్టు చెప్పింది. నేను మాత్రం అప్పటి నుంచి భోజనాల బంతి దగ్గర అడగకుండా కెమెరా ఎత్తడం మానుకున్నాను. కొందరు గిరాకీలు వీడియోలో నవ్వు తగ్గిందన్నారు. తగ్గితే తగ్గనీ అనుకున్నాను.

భూపాలపల్లిలో ఉన్న తండ్రికి ఇదంతా తెలియదు. డ్యూటీలో ఉన్న మనిషిని పరేషాన్ చేయడం ఎందుకని బాపమ్మ దాచింది. మీటింగుకు అతనికి సెలవు దొరకలేదు. సినిమా అతనికి తానే చూపించి సంగతి చెబుతానని ఆ పిల్ల పట్టుబట్టింది. అందుకని దసరా సెలవుల్లో కారు మాట్లాడుకొని, మానుకోట, నర్సంపేట మీదుగా, ఇద్దరు ముసలమ్మలతో సహా అందరం భూపాలపల్లి వెళ్ళాం. రెండు గదుల కిరాయి ఇల్లు. మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి కూర్చున్నాడు. కళ్ళ చుట్టూ బొగ్గు నలుపు ఇంకా కాటుకలా ఉంది. మా లాప్‌టాప్‌ను బియ్యం డబ్బా మీద పెట్టి సినిమా వేశాం.

అతను చివరిదాకా చూశాడు. మా అమ్మాయి గోడకు ఆనుకొని, గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. చివర్లో పేర్లు వచ్చాక, మొదటి వీడియో చేసింది ఈమేనా అన్నట్టు ఆమె వైపు చూశాడు. మా అమ్మాయి అవునని తల ఊపి, తానే దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"ఒక నెల దినాలు నేను ఫోన్ చేస్తే మా పిల్ల ఊఁ అనేది, ఆఁ అనేది, పెట్టేసేది" అన్నాడతను. "బొగ్గు బాయి పని ఇడిసిపెట్టి వద్దామా అనుకున్న. ఇప్పుడు ఫోన్ పెట్టెయ్యి బిడ్డా, డ్యూటీకి పోవాలె అన్నా ఇడుస్తలేదు. నువ్వు చేసింది తప్పే. మల్ల నిలబడి గిది గూడ చేసినవ్. అన్నం తిని పోండ్రి."

తర్వాత కెమెరా అంతా నీదేనా అని కూతుర్ని అడిగాడు. అంతా తనదేనంది. అయితే మళ్ళీ వేయమన్నాడు. రెండోసారి కథ చూడలేదు. ఇది ఎక్కడ నిలబడి తీసినవ్, ఇంత దగ్గరికి ఎట్ల వచ్చింది, చెయ్యి వణకలేదా అని ఒక్కో సీనుకూ ఆపి అడిగాడు. ఆ పిల్ల లాప్‌టాప్ ముందు మోకాళ్ళ మీద కూర్చొని చెబుతూ ఉంది. చిన్న తమ్ముడు మధ్యలో దూరి తననూ సినిమాలో పెట్టమని గొడవ. వంటింట్లో మా ఆవిడా, ఆ పిల్ల తల్లీ పప్పులో ఉప్పు వేశామా లేదా అని ఒకరినొకరు అడుగుతున్నారు.

వచ్చేటప్పుడు ఇద్దరు పిల్లలూ కారు వెనుక సీట్లో ఒకటే లొల్లి. బాపమ్మ సీను తర్వాత తెర ఒక్క క్షణం నల్లగా ఉంచాల్సిందని ఒకరు, ఉంచితే జనం కరెంటు పోయిందనుకునేవారని ఇంకొకరు. నర్సంపేటలో చాయ్ కోసం ఆపితే దిగారు, దిగీ వాదించుకున్నారు. ముసలమ్మలిద్దరూ మిర్చి బజ్జీలు పంచుకుంటూ, ఈ పోరీలకు నోరు నొప్పి లేదా అనుకుంటున్నారు. ఎవరి మాట నెగ్గిందో నాకు తెలియదు. మానుకోట వచ్చేసరికి ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నిద్రపోయారు.